కాంతిని దాటే నౌకలకు కళ్లెం: ఉమ్మడి సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేలో ప్రయాణ నియమాలు పెట్టుకునే పద్ధతి

పది మంది తలా ఒక పాత్ర తీసుకుని, కలిసి ఒకే నక్షత్ర లోకంలో కథ రాస్తున్నారనుకోండి. రోల్‌ప్లే అంటే ఇదే. ఒకరు ముట్టడిలో చిక్కిన కాలనీ గురించి రాస్తున్నారు. మరొకరి యుద్ధనౌక నలభై కాంతి సంవత్సరాల అవతల ఉంది. ఆ రెండో వ్యక్తి "మా నౌక వెంటనే అక్కడికి చేరుకుంది" అని ఒక్క వాక్యం రాశారంటే ముట్టడి అక్కడితో సరి. మూడు వారాలుగా ఇవతలివాళ్లు అల్లుకుంటూ వచ్చిన ఆకలి, భయం, లొంగిపోదామా వద్దా అన్న తర్జనభర్జన అంతా గాలికి పోతుంది. రాసినవాళ్లని తప్పుపట్టి లాభం లేదు. సాయం రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆట మొదలయ్యేనాటికి ఎవరూ తేల్చలేదు, అదీ అసలు లోపం.

డిస్కార్డ్‌లోనో, వాట్సాప్‌లోనో, మరోచోటో రాతతో సాగే రోల్‌ప్లేకి, అయిదుగురి నుంచి ఇరవై మంది దాకా ఉండే గ్రూపుకి సరిపోయేలా ఈ పద్ధతి రాస్తున్నాం. కావలసినవి ఒక గూగుల్ షీట్, సైన్, కొసైన్ చూపించే క్యాలిక్యులేటర్, ఒక పేజీ నియమాల పత్రం, అందరూ కలిసి కూర్చునే ఒక సాయంత్రం. ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చూసినవే. యథాతథంగా వాడుకోవచ్చు. ఏదైనా ఒకటి మారిస్తే మిగతావి మళ్లీ లెక్క కట్టుకోవాలి.

మొదటి అడుగు: వేగం తర్వాత, ముందు రోజులు

దాదాపు ప్రతి గ్రూపూ "మా నౌకలు కాంతికి వెయ్యి రెట్లు పోతాయి" అని మొదలుపెడుతుంది. ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎవరూ చెప్పలేరు. వరస తిప్పండి. ముందు మూడు ప్రశ్నలకు రోజుల్లో జవాబు రాయండి: పక్క నక్షత్రానికి ఎన్నాళ్లు? సొంత రాజ్యం అంచుకు ఎన్నాళ్లు? మ్యాపు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నాళ్లు?

పక్క నక్షత్రానికి గంటల్లో చేరితే లోకమంతా ఒకే ఊరైపోతుంది, సరిహద్దులకు అర్థం ఉండదు. రోజుల్లో అయితే ప్రయాణంలోనే రెండు మూడు సన్నివేశాలు రాసుకోవచ్చు: వంటగది గొడవలు, మరమ్మతులు, రహస్య మంతనాలు. నెలల్లో అయితే ఆ పాత్ర అందరికీ దూరమైపోతుంది, రాసేవారు విసిగి గ్రూపు వదిలి వెళ్లిపోతారు. వారానికి మూడు నాలుగు పోస్టులు పడే గ్రూపుకి మా సిఫారసు: పక్క నక్షత్రానికి 4 రోజులు, రాజ్యం అంచుకు 3 వారాలు, మొత్తం మ్యాపు దాటడానికి రెండున్నర నెలలు.

ఇక వేగం దానంతటదే వస్తుంది. కాంతి సంవత్సరాలను 365తో గుణించి, అనుకున్న రోజులతో భాగిస్తే కాంతికి ఎన్ని రెట్లో తేలుతుంది. సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాల మధ్య ఎడం సగటున 5 కాంతి సంవత్సరాల దాకా ఉంటుంది. 5 × 365 ÷ 4 అంటే 456. దాన్ని 500 చేసుకోండి, లెక్క తేలికవుతుంది. 500 రెట్ల దగ్గర ఒక కాంతి సంవత్సరం దాటడానికి పదిహేడున్నర గంటలు. 5 కాంతి సంవత్సరాలకు 3 రోజుల 16 గంటలు, 30కి 22 రోజులు, 100కి 73 రోజులు. మనకు తెలిసిన చుక్కల్లో చెప్పాలంటే భూమి నుంచి అభిజిత్ నక్షత్రానికి (25 కాంతి సంవత్సరాలు) 18 రోజులు, రోహిణికి (సుమారు 65) ఏడు వారాలకు కొంచెం తక్కువ, పెళ్లిలో చూపించే అరుంధతికి (80 పైచిలుకు) రెండు నెలలు. పాలపుంత వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు. 500 రెట్ల వేగంతో దాన్ని దాటడానికి 200 ఏళ్లు పడుతుంది. కాబట్టి మీ కథ భూమి చుట్టూ 50 కాంతి సంవత్సరాల గోళంలోనే నడుస్తుందని మొదటి రోజే రాసి పెట్టండి. ఆ గోళంలోనే వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి, ఇరవై మందికి జీవితకాలం సరిపోతాయి.

వేగాలకు ముద్దుపేర్లు, మెట్ల అంకెలు పెట్టకండి. "అయిదో గేరు", "ఏడో స్థాయి" లాంటివి పెడితే ఒక్కో మెట్టుకీ ఎన్ని రెట్లో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. నియమాల పత్రంలో రెట్లు, లాగ్‌లో (ప్రయాణాలు రాసుకునే చిట్టాలో) రోజులు. ఈ రెండే వాడండి.

రెండో అడుగు: దూరాలు లెక్క కట్టడం

భూమి నుంచి ప్రతి నక్షత్రానికీ దూరం పుస్తకాల్లో దొరుకుతుంది. మీకు కావలసింది నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య దూరం. ఇక్కడే చాలామంది అట్లాస్ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలుస్తారు. ఆకాశంలో పక్కపక్కన కనిపించే రెండు చుక్కల మధ్య ఒకదాని వెనక ఒకటిగా వందల కాంతి సంవత్సరాల లోతు ఉండవచ్చు, బొమ్మలో అది కనిపించదు.

ప్రతి నక్షత్రానికీ మూడు అంకెలు తీసుకోండి: దూరం, రైట్ అసెన్షన్, డిక్లినేషన్ (చివరి రెండూ భూమి మీద రేఖాంశం, అక్షాంశం లాగా ఆకాశంలో నక్షత్రం చోటును చెప్పే కోణాలు). రైట్ అసెన్షన్ గంటల్లో ఉంటే 15తో గుణించి డిగ్రీలు చేయండి. వాటి నుంచి మూడు నిరూపకాలు వస్తాయి. మొదటిది: దూరం × డిక్లినేషన్ కొసైన్ × రైట్ అసెన్షన్ కొసైన్. రెండోది: దూరం × డిక్లినేషన్ కొసైన్ × రైట్ అసెన్షన్ సైన్. మూడోది: దూరం × డిక్లినేషన్ సైన్. రెండు నక్షత్రాల నిరూపకాల తేడాలను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే అసలు దూరం. షీట్‌లో సైన్, కొసైన్ ఫార్ములాలు డిగ్రీలను తీసుకోవు, రేడియన్లు అడుగుతాయి. ముందు మార్చుకోకపోతే మ్యాపంతా అర్థంపర్థం లేకుండా వస్తుంది.

మూడు నక్షత్రాలతో చేసి చూద్దాం. సిరియస్ (మన మృగవ్యాధుడు): దూరం 8.6, నిరూపకాలు −1.6, 8.1, −2.5. ఎప్సిలాన్ ఎరిడాని: దూరం 10.5, నిరూపకాలు 6.2, 8.3, −1.7. టౌ సెటి: దూరం 11.9, నిరూపకాలు 10.3, 5.0, −3.3. వీటి నుంచి సిరియస్–టౌ సెటి మధ్య 12.3 కాంతి సంవత్సరాలు, సిరియస్–ఎప్సిలాన్ ఎరిడాని మధ్య 7.85, ఎప్సిలాన్ ఎరిడాని–టౌ సెటి మధ్య 5.5 అని వస్తాయి. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి, తర్వాతి అడుగులో ఇవే పనికొస్తాయి.

మ్యాపులో 15 నుంచి 25 నక్షత్రాలు చాలు. అంతకు మించితే ఆటగాళ్లు చెల్లాచెదురై ఎవరూ ఎవరికీ ఎదురుపడరు.

మూడో అడుగు: ఒక్క జంప్ ఎంత దూరం

వేగాన్ని కట్టడి చేస్తే ప్రయాణం నెమ్మదిస్తుంది, అంతే. జంప్ అంటే నౌక ఎక్కడా ఆగకుండా, కాంతిని దాటే వేగంతో ఒక్క విడతలో చేసే ప్రయాణం. దాని దూరానికి హద్దు పెడితే ఆకాశంలో దారులు, కూడళ్లు, చెక్‌పోస్టులు పుడతాయి. రెండింట్లో ఒక్కటే పెట్టుకోగలిగితే మా ఓటు దూరపు హద్దుకే.

సూర్యుడి నుంచే చూడండి. హద్దు 5 కాంతి సంవత్సరాలైతే బయటికి ఒకే తలుపు: ఆల్ఫా సెంటారి కుటుంబం, అందులో దగ్గరిది 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా. హద్దు 6 అయితే బర్నార్డ్ నక్షత్రం (5.96) కూడా కలిసి రెండు తలుపులు. 7 అయితే లూమన్ 16 అనే గోధుమ మరుగుజ్జు (నక్షత్రంలా వెలగడానికి సరిపడా బరువు లేని గోళం) జంట (6.5) కలుస్తుంది. 8 అయితే వైజ్ 0855 అనే మరో చల్లటి గోధుమ మరుగుజ్జు (7.4), వుల్ఫ్ 359 (7.9) కూడా కలిసి అయిదు. 9కి పెంచితే లాలాండ్ 21185, సిరియస్, యూవీ సెటి చేరి ఎనిమిది. హద్దు ఒక్క కాంతి సంవత్సరం పెంచితే భూమిని ముట్టడించేవాడికి ఎంత పని పెరుగుతుందో చూశారు కదా.

ఇప్పుడు పై మూడు నక్షత్రాల దగ్గరికి రండి. హద్దు 8 పెడితే సిరియస్ నుంచి టౌ సెటికి నేరుగా పోలేరు. ఎప్సిలాన్ ఎరిడానిలో ఆగాల్సిందే. ఆ నక్షత్రం ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్లది, బేరం వాళ్లది. హద్దు 7కి దించితే ఆ దారే తెగిపోతుంది. ఎవరూ కల్పించకుండానే, ఒక్క అంకె తేడాతో, ఒక యుద్ధ కారణం పుట్టింది. మేం 8 సూచిస్తున్నాం.

లూమన్ 16ను 2013లో గానీ గుర్తించలేదు, అంత మసకగా ఉంటుంది. ఇలాంటి గోధుమ మరుగుజ్జులను మ్యాపులో రెండు మూడు ఉంచితే దొంగదారులకు, రహస్య స్థావరాలకు చోటు దొరుకుతుంది. వాటిని గ్రూపు నడిపే జీఎం (గేమ్ మాస్టర్) దగ్గర సీలు కవరులో పెట్టుకున్నట్టు దాచి, ఆటగాళ్లు వెతికి కనుక్కున్నాకే మ్యాపులో చూపించాలి.

నాలుగో అడుగు: దూరం పోవాలంటే ఏం వదులుకోవాలి

1977లో వచ్చిన ట్రావెలర్ అనే టేబుల్ గేమ్ ఈ విషయంలో ఇప్పటికీ మంచి పాఠం. అందులో జంప్ స్థాయి ఒక్కటి పెరిగితే ఇంధనానికి నౌక ఘనపరిమాణంలో పదో వంతు పోతుంది. ఆరో స్థాయి నౌకలో అరవై శాతం ఇంధన ట్యాంకే. ఎంత దూరమైనా జంప్ ఒక వారం పడుతుంది. అందుకే ఆ లోకంలో దూరం పోయే నౌక సరుకు మోయలేదు, సరుకు మోసేది దూరం పోలేదు.

మీ ఆటకు ఇలా చేయండి. ప్రతి నౌకనూ 100 భాగాలుగా ఊహించుకోండి. ఇంజన్‌కు 10, సిబ్బంది నివాసానికి 10 ఖాయం. రేంజిలో, అంటే ఒక్క జంప్‌లో పోగల దూరంలో, ప్రతి కాంతి సంవత్సరానికీ 7 భాగాల ఇంధనం. 8 కాంతి సంవత్సరాలు పోగల నౌకకు ఇంధనమే 56, ఇక ఆయుధాలకూ సరుకుకూ కలిపి 24 మిగులుతాయి. 4 మాత్రమే పోగల కాపలా నౌకకు 52 మిగులుతాయి. సొంత గడ్డ మీద కాపలా నౌక బలమైనదీ, దండెత్తి వచ్చినది బలహీనమైనదీ కావడానికి ఈ ఒక్క లెక్క చాలు.

దీనికి తోడు రెండు చిన్న నియమాలు. ప్రతి జంప్ తర్వాత 48 గంటలు ఇంజన్ చల్లారాలి, ఆ సమయంలోనే ఇంధనం నింపుకోవచ్చు. జంప్‌కు ముందు ఇంజన్ వేడెక్కడానికి అవతలివాళ్ల పోస్టులు మూడు పడేదాకా ఆగాలి. ఈ రెండోది లేకపోతే ఏ పోరాటమూ పూర్తి కాదు. ఓడిపోతున్నవాళ్లు ప్రతిసారీ మాయమైపోతారు.

అయిదో అడుగు: ఎక్కడి నుంచి దూకాలి

నేరుగా గ్రహం కక్ష్యలోకి వచ్చి వాలనిస్తే రక్షణ అనేదే ఉండదు. బరువైన గోళం దగ్గర జంప్ పనిచేయదని నియమం పెట్టండి. ట్రావెలర్‌లో వాడే 100 వ్యాసాల హద్దు చక్కగా కుదురుతుంది. భూమికి ఇది 12 లక్షల 74 వేల కిలోమీటర్లు. ఒక జీ (భూమి ఆకర్షణతో సమానమైన) త్వరణంతో సగం దూరం వేగం పుంజుకుని, మిగతా సగం తగ్గించుకుంటూ వస్తే 6 గంటల 20 నిమిషాలు. ఆ ఆరు గంటల్లోనే అడ్డగింపులు, పైరసీ, రక్షణ చర్యలు, ఆఖరి నిమిషపు బేరాలు అన్నీ జరుగుతాయి.

నక్షత్రానికి కూడా హద్దు ఉంటుందని చాలామంది మరిచిపోతారు. సూర్యుడి 100 వ్యాసాలంటే 13.9 కోట్ల కిలోమీటర్లు. భూమి దాదాపు 15 కోట్ల దగ్గర ఉంది కనుక బొటాబొటిగా బయటపడింది. శుక్రుడు, బుధుడు లోపలే. ప్రాక్సిమా లాంటి ఎర్ర మరుగుజ్జుల (చిన్న, మసక నక్షత్రాల) దగ్గర ఇంకా రంజుగా ఉంటుంది. ప్రాక్సిమా హద్దు సుమారు 2.15 కోట్ల కిలోమీటర్లు. దాని చుట్టూ తిరిగే ప్రాక్సిమా బి గ్రహం నక్షత్రానికి 73 లక్షల కిలోమీటర్లలోనే ఉంది. అంటే ఆ గ్రహానికి పోవాలంటే హద్దు దగ్గర దిగి, ఒక జీతో 22 గంటలు మామూలు ప్రయాణం చేయాలి. అలాంటి గ్రహం సహజంగానే కోట అవుతుంది.

జంప్ చేసినప్పుడు నౌకకు ముందున్న మామూలు వేగం ఏమవుతుందో కూడా రాయండి. అది అలాగే ఉంటుందని పెట్టడమే మేలు. బర్నార్డ్ నక్షత్రం సూర్యుడితో పోలిస్తే సెకనుకు సుమారు 140 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది. సూర్యుడి దగ్గర నిలకడగా ఉండి జంప్ చేసిన నౌక అక్కడ దిగగానే ఆ తేడా సరిచేసుకోవాలి. ఒక జీ ఇంజన్‌కు 4 గంటలు, వందో వంతు జీ ఇచ్చే పాత సరుకు నౌకకు దాదాపు 17 రోజులు. ఎవరి నౌక ఎంత ముతకదో ఇక్కడ బయటపడుతుంది.

మామూలు ఇంజన్‌కూ పగ్గం వేయాలి. వెయ్యి టన్నుల నౌక కాంతిలో పదో వంతు వేగంతో గ్రహాన్ని గుద్దితే విడుదలయ్యే శక్తి లక్ష మెగాటన్నులకు పైమాటే. 1961లో సోవియట్ యూనియన్ పేల్చిన అతిపెద్ద బాంబు 50 మెగాటన్నులు. అంటే అలాంటివి రెండు వేలు. కోపం వచ్చిన ఒక్క ఆటగాడు లోకాన్ని మొత్తం తుడిచిపెట్టగలడు. సెకనుకు 300 కిలోమీటర్లు గరిష్ఠమని పెడితే అదే నౌక గుద్దితే 11 మెగాటన్నులు. భయంకరమే, కానీ కథ బతుకుతుంది. ఆ వేగంతో భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరం పోవడానికి ఆరు రోజులు పడుతుంది, అందువల్ల గ్రహాల మధ్య ప్రయాణానికీ బరువు వస్తుంది.

ఆరో అడుగు: వార్త ఎంత వేగంగా పోతుంది

నౌకల కన్నా దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. నౌకకు వారం పట్టినా వార్త క్షణంలో చేరిపోతే కెప్టెన్ పాత్రకు పని లేదు. ప్రతి నిర్ణయానికీ రాజధానిని అడగాల్సి వస్తుంది, అడిగినవెంటనే జవాబూ వస్తుంది. అధికారుల పాత్రలు రాసే ఇద్దరు ముగ్గురి చేతుల్లోకి కథ వెళ్లిపోతుంది, మిగతావాళ్లు ఆజ్ఞలు పాటించేవాళ్లుగా మిగులుతారు.

చరిత్రలో ఈ అవస్థ నిజంగా ఉండేది. 1814 డిసెంబర్ 24న బ్రిటన్, అమెరికా ఘెంట్‌లో సంధి పత్రం మీద సంతకాలు చేశాయి. ఆ కబురు సముద్రం దాటేలోగా 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు సైన్యాలూ ఘోరంగా తలపడ్డాయి. మన తీరంలోనే 1759 ఏప్రిల్‌లో ఈస్టిండియా కంపెనీ తరఫున కల్నల్ ఫోర్డ్ సేన ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న మచిలీపట్నం కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకుంది. సాయంగా బయలుదేరిన ఫ్రెంచి నౌకలు కోట పడిపోయిన కొద్ది రోజులకు తీరంలో కనిపించాయి, అప్పటికే జెండా మారిపోయింది. ఆ నౌకల మీదున్నవాళ్ల పాత్రలో ఒక్క పోస్టు రాయమంటే ఎంత బలమైన సన్నివేశం వస్తుందో ఊహించండి. వార్తకు ఆలస్యం ఉన్నప్పుడే అలాంటిది సాధ్యం. 1870లో బొంబాయి నుంచి బ్రిటన్‌కు సముద్రపు తంతి లైను పడ్డాక వారాల తరబడి ఉత్తరాల కోసం ఎదురుచూపు తగ్గింది, ఇక్కడి బ్రిటిష్ అధికారుల స్వతంత్రమూ తగ్గింది.

అందుకని నియమం: వార్త నౌక మీదే పోతుంది. నౌక కన్నా వేగంగా ఏదీ పోదు. ప్రతి కూడలి నుంచి నాలుగు రోజులకొకసారి టపా నౌక బయలుదేరుతుంది. టపా దారుల పట్టిక మ్యాపు పక్కనే పెట్టండి. ఏ ఊరికి ఏ వార్త ఏ రోజు తెలుస్తుందో జీఎం ఆ పట్టిక చూసి ప్రకటిస్తారు.

దీనికి పెద్ద గండి చిన్న డ్రోన్లు. ఎవరో ఒకరు తప్పకుండా "పది కిలోల డ్రోన్‌కు జంప్ ఇంజన్ పెట్టి వార్త పంపిస్తాం" అంటారు. గంటకో డ్రోన్ పంపితే అది ఇంటర్నెట్టే. అదే డ్రోన్‌కు బాంబు కడితే అడ్డుకోలేని క్షిపణి. జంప్ ఇంజన్ కనీసం 200 టన్నులు ఉండాలని, దాన్ని నడపడానికి మనుషులు ఉండాలని రాస్తే రెండూ ఒకేసారి మూతపడతాయి.

ఏడో అడుగు: గడియారం, లాగ్

నియమాలు ఎంత బాగున్నా తేదీలు గల్లంతైతే పనికిరావు. ఒకే పాత్ర మంగళవారం పోస్టులో యుద్ధంలో ఉంటుంది, బుధవారం పోస్టులో ఆరు కాంతి సంవత్సరాల అవతల పెళ్లిలో ఉంటుంది. ఇది ప్రతి గ్రూపులోనూ మొదటి రెండు నెలల్లోనే మొదలవుతుంది.

బయట ఒక రోజు, ఆటలో ఒక రోజు. ఇదే అన్నిటికన్నా తేలిక. పోరాటం, సభ లాంటి సన్నివేశం నడుస్తున్నప్పుడు ఆ చాట్ గదికి మాత్రం గడియారం ఆపేయవచ్చు, అందులో ఉన్నవాళ్లు ఆ సన్నివేశం ముగిసేదాకా బయట ఏదీ చేయకూడదు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదంటే డాలస్‌లో ఇంకా ఉదయమే. కాబట్టి రోజు మారేది భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి అని ఖాయం చేయండి.

నౌక బయలుదేరినప్పుడే లాగ్‌లో వరస పడాలి. చూడండి:

నౌక: గౌతమి, రేంజి 8
బయలుదేరిన రోజు: 112, సిరియస్ డిపో
100 వ్యాసాల హద్దు దాకా: అర రోజు
మొదటి జంప్: ఎప్సిలాన్ ఎరిడాని, 7.85 కాంతి సంవత్సరాలు, 5.7 రోజులు
చల్లార్పు, ఇంధనం: 2 రోజులు
రెండో జంప్: టౌ సెటి, 5.5 కాంతి సంవత్సరాలు, 4 రోజులు
హద్దు నుంచి రేవుకు: అర రోజు
చేరే రోజు: 125 ఉదయం లోపు

మొత్తం 12.7 రోజులు. నేరుగా పోగలిగితే పదే. ఆ మిగతా రోజుల్లోనే ఎప్సిలాన్ ఎరిడానిలో తనిఖీ జరుగుతుంది. చేరే రోజు ఒకసారి రాశాక మారదు. జంప్ మధ్యలో వెనక్కి తిరగడం, దారి మార్చడం కుదరదు. ఈ బిగింపు లేకపోతే ప్రత్యర్థి పోస్టు చదివి మరీ దిశ మార్చుకుంటారు.

రహస్య దాడి చేయాలనుకున్నవాళ్లు ఇదే వరసను జీఎంకు మాత్రమే పంపాలి, బయలుదేరిన రోజునే పంపాలి. "మా దళం పదిరోజుల కిందే బయలుదేరింది" అని తర్వాత చెప్పే మాట ఏ కారణం చేతా ఒప్పుకోవద్దు.

గండ్లు పూడ్చడం

కాంతిని దాటిన నౌక పాత కాంతిని చూడగలదు. అయిదు కాంతి గంటల దూరానికి జంప్ చేసి వెనక్కి తిరిగి చూస్తే అయిదు గంటల కిందటి దృశ్యం ఇప్పుడు వస్తూ ఉంటుంది. హత్య ఎవరు చేశారో, ఏ నౌక ముందు కాల్చిందో తేల్చడానికి ఎవరో ఒకరు దీన్ని వాడతారు. మూసేయకండి, చాలా అందమైన ఎత్తు ఇది. టెలిస్కోపుకే హద్దు పెట్టండి: ఇంజన్ మంటలు, పేలుళ్లు కనిపిస్తాయి, నౌక పేరు గానీ మనుషులు గానీ కనిపించరు.

కాలంలో వెనక్కి పోవడం ఇంకో గండి. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం, వేర్వేరు వేగాలతో కదిలే ఇద్దరికీ కాంతిని దాటే దారి ఉంటే పంపకముందే జవాబు అందుకునే వరస పన్నవచ్చు. భౌతికశాస్త్రం చదివిన ఆటగాడు ఉంటే ఈ ప్రశ్న రెండో వారంలోనే వస్తుంది. ఒక వాక్యంతో తేల్చండి: జంప్‌లన్నీ ఒకే విశ్వ గడియారం ప్రకారం జరుగుతాయి, ఆ గడియారం విశ్వ నేపథ్య వికిరణం (విశ్వమంతా నిండి ఉన్న తొలినాటి వెలుగు శేషం) దృష్ట్యా నిలకడగా ఉంటుంది. దాంతో పోలిస్తే సూర్యుడు సెకనుకు సుమారు 370 కిలోమీటర్లు కదులుతున్నాడు, కాంతి ముందు అది ఎంత. తేదీల్లో తేడా రాదు, చర్చ అక్కడితో ఆగుతుంది. 1994లో భౌతికశాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రే ప్రతిపాదించిన, నౌక చుట్టూ ఉన్న స్థలాన్నే వంచే వార్ప్ బుడగ గురించి ఎవరైనా రాసుకుంటే రాసుకోనివ్వండి. అది నౌకకు వర్ణన మాత్రమే, ఏ అంకెనూ మార్చదు.

"మా నౌక ప్రత్యేకం" అన్నది అన్నిటికన్నా పాత గండి. ప్రాచీన జాతి ఇంజన్, ఒక్కరికే తెలిసిన దారి, దేవుడిచ్చిన వరం. ఎవరికి ఇచ్చినా మిగతా తొమ్మిది మందికి ఇచ్చిన మాట తప్పినట్టే. మినహాయింపు కావాలంటే మూడు షరతులు: అందరికీ కనిపించే ఖర్చు ఉండాలి, ముప్ఫై రోజుల ముందు ప్రకటించాలి, ప్రత్యర్థి దాన్ని నాశనం చేయగలిగే మార్గం ఉండాలి. జీఎం సొంత పాత్రలకూ ఇవే వర్తిస్తాయి. జీఎం ఒక్కసారి తన నౌకను వేళకు ముందే చేర్చారంటే మర్నాటి నుంచి లాగ్ ఎవరూ నింపరు.

ఆట మొదలుపెట్టేముందు పరీక్ష

మూడు ఊహా సంఘటనలు తీసుకుని కాగితం మీద ఆడి చూడండి. ఒకటి, అంచున ఉన్న కాలనీ సాయం అడిగింది. టపా నౌక ఎప్పుడు బయలుదేరుతుంది, కబురు ఎప్పుడు చేరుతుంది, సాయం ఎప్పుడు తిరిగొస్తుంది? పై అంకెలతో 8 కాంతి సంవత్సరాల దూరానికి కబురుకు 6 రోజులు, సాయానికి మరో 6, నడుమ సిద్ధమవడానికి 2, హద్దుల దగ్గర కొంత. పది నుంచి పదహారు రోజుల మధ్య వస్తే ముట్టడి కథ బాగా నడుస్తుంది. నాలుగు రోజుల్లో తేలిపోతే వేగం తగ్గించండి. నలభై దాటితే పెంచండి.

రెండోది, ఒక దొంగ నౌకను వెంటాడటం. ఇద్దరి రేంజి సమానమైతే వెంటాడేవాళ్లు ఎప్పటికీ పట్టుకోలేరు, ఎందుకంటే ఇద్దరికీ చల్లార్పు 48 గంటలే. అలాంటప్పుడు దిగిన చోట జంప్ జాడ ఒక రోజు పాటు కనిపిస్తుందని, దాన్ని బట్టి తర్వాతి దిశ తెలుస్తుందని ఒక చిన్న నియమం కలపండి. మూడోది, ఒకే రోజు రెండు చోట్ల యుద్ధం మొదలవడం. ఎవరికి ఏది ముందు తెలిసిందో పట్టిక చూసి పది నిమిషాల్లో చెప్పలేకపోతే మ్యాపులో నక్షత్రాలు ఎక్కువైనట్టే, అయిదారు తీసేయండి.

ఆట నడుస్తుండగా ఏదో ఒక అంకె తప్పని తేలుతుంది. తేలినప్పుడు అందరికీ చెప్పి, ఓటు వేసి, నెల మొదటి తేదీ నుంచి మార్చండి. ఆ తేదీకి ముందే బయలుదేరిన నౌకలు మాత్రం లాగ్‌లో రాసుకున్న రోజునే, పాత లెక్కతోనే చేరతాయి.